కడప నుంచి క్రూయిజ్‌కి వెళ్లాలంటే: ట్రావెల్ ఏజెన్సీని ఎలా ఎంచుకోవాలి?

కడపలో ట్రావెల్ ఏజెన్సీలకు కొదవ లేదు. ఏడు రోడ్ల కూడలి నుంచి కోటిరెడ్డి సర్కిల్ వైపు నడిస్తే కువైట్ టికెట్లు, ఉమ్రా ప్యాకేజీలు, కాశీ యాత్రల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఏళ్ల తరబడి గల్ఫ్‌కు పోయేవాళ్లను పంపించిన అనుభవంతో విమాన టికెట్ల పనిలో మన ఏజెంట్లు చేయి తిరిగినవాళ్లు. ఇప్పుడు వాళ్లలో కొందరు క్రూయిజ్‌లు కూడా అమ్ముతున్నారు. అమ్మానాన్నల షష్టిపూర్తికో, పిల్లల వేసవి సెలవులకో షిప్పు ఎక్కుదామనుకునే కుటుంబాలు మన దగ్గరా పెరిగాయి.

కానీ విమాన టికెట్టు వేరు, క్రూయిజ్ బుకింగ్ వేరు. కువైట్ టికెట్టుకు డబ్బు కడితే కాసేపట్లో పీఎన్ఆర్ వస్తుంది. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకుంటాం, పని అయిపోతుంది. క్రూయిజ్‌కి ముందు అడ్వాన్సు కట్టాలి, నెలల తర్వాత మిగతాది కట్టాలి, బోర్డింగ్ పాసు ఎప్పుడో ప్రయాణం దగ్గరపడ్డాక వస్తుంది. ఈ మధ్యకాలమంతా మన డబ్బు ఎవరి దగ్గర ఉన్నట్టు? షిప్పు కంపెనీకి చేరిందా, ఏజెంటు ఖాతాలోనే ఉందా? ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందరికంటే తక్కువ రేటు చెప్పినవాళ్లను కాదు, డబ్బు కట్టిన రోజే షిప్పు కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరును మన చేతిలో పెట్టేవాళ్లను ఎంచుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

1. ముందు ఏ షిప్పో మీరే తేల్చుకోండి

"క్రూయిజ్ ప్యాకేజీ ఎంత?" అని అడిగితే ఏజెంటు తనకు ఏది అమ్ముడుపోవాలో దాన్నే చూపిస్తాడు. అందుకే ఏజెన్సీ మెట్లెక్కే ముందే ఏ కంపెనీ, ఏ రేవు నుంచి, ఏ నెలలో, ఎన్ని రాత్రులు అన్నది ఇంట్లో కూర్చుని రాసుకోవాలి.

మన దేశంలోనే ఎక్కాలంటే కార్డీలియా క్రూయిజెస్ వాళ్ల 'ఎంప్రెస్' షిప్పు ఉంది. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మొదలై గోవా, లక్షద్వీప్, కొచ్చి వైపు తిరుగుతోంది. కొన్నేళ్లుగా వానాకాలం నెలల్లో చెన్నైకి వచ్చి విశాఖపట్నం, పుదుచ్చేరి వైపు, 2023 జూన్ నుంచి శ్రీలంక వైపు కూడా వెళుతోంది. ముంబయి–చెన్నై రైలు మార్గం కడప మీదుగానే పోవడం మనకు బాగా కలిసొచ్చే సంగతి. రెండు రేవుల్లో దేనికైనా ఇక్కడే రైలెక్కొచ్చు.

విదేశమంటే మనవాళ్లు ఎక్కువగా చూసేది సింగపూర్. అక్కడి నుంచి జెంటింగ్ డ్రీమ్ అనే షిప్పు, రాయల్ కరీబియన్ కంపెనీ షిప్పులు మలేసియా, థాయ్‌లాండ్ రేవులకు వెళ్లొస్తుంటాయి. చలికాలంలో దుబాయ్ నుంచి కూడా ఉంటాయి. మెడిటరేనియన్, అలాస్కా లాంటివి వేరే స్థాయి ఖర్చు, వేరే స్థాయి వీసా పని. షెడ్యూళ్లు ఏటా మారతాయి కాబట్టి ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే తేదీలు, రేట్లు చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏజెంట్లు చెప్పే రేట్లను పోల్చి చూడటానికి అదే మీ ఆధారం.

2. అసలు ఏజెన్సీ కావాలా?

ఇద్దరు మనుషులు చెన్నై నుంచి రెండు రాత్రులు వెళ్లి రావడానికి ఏజెన్సీ అక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో నేరుగా బుక్ చేసుకోవచ్చు. వీసాలు కావాల్సినప్పుడు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు కలిసి నాలుగైదు గదులు తీసుకోవాల్సినప్పుడు, విమానం, హోటలు, షిప్పు ఒకదానికొకటి అతకాల్సినప్పుడు మంచి ఏజెంటు విలువ తెలుస్తుంది. చాలా కంపెనీలు 8 గదుల నుంచి గ్రూపు బుకింగుగా లెక్కేసి కొన్ని రాయితీలు ఇస్తాయి. బంధువులంతా కలిసి వెళ్లేటప్పుడు ఆ సంగతి తప్పకుండా అడగాలి.

ఏజెంటు దగ్గర బుక్ చేస్తే రేటు ఎక్కువ పడుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా ఉండదు. ఏజెంటుకు కమీషన్ ఇచ్చేది షిప్పు కంపెనీ. అది అసలు చార్జీ మీద వస్తుంది, రేవు రుసుములు, పన్నుల మీద రాదు. కాబట్టి ఎవరి దగ్గర తీసుకున్నా రేటు కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉండాలి. ఎవరైనా తన కమీషన్‌లో కొంత వదులుకుని తగ్గించొచ్చు. కానీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న దాంట్లో సగానికే ఇస్తానంటే మాత్రం ఏదో ఒకటి దాచిపెట్టినట్టే. రేవు రుసుములు కలపకపోయి ఉండాలి, కిటికీ లేని గది అయి ఉండాలి, తేదీ వేరయి ఉండాలి, లేదంటే అసలు బుకింగే ఉండదు.

3. మూడు చోట్ల అడగండి, మధ్యలో ఎవరున్నారో తెలుసుకోండి

ఒక స్థానిక ఏజెన్సీ, పెద్ద ట్రావెల్ కంపెనీ బ్రాంచి ఒకటి, చెన్నై, బెంగళూరు లేదా హైదరాబాద్‌లో క్రూయిజ్‌లే ప్రధానంగా చేసే ఏజెన్సీ ఒకటి. ఈ మూడింట్లో అడిగితే చాలు. పెద్ద కంపెనీ పేరున్న బోర్డు కూడా చాలా ఊళ్లలో ఫ్రాంచైజీదే అయి ఉంటుంది. అలాంటప్పుడు మన డబ్బు తీసుకునేది కంపెనీయా, ఫ్రాంచైజీ యజమానా అన్నది రసీదు మీద పేరు చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఈ వ్యాపారం నడిచే తీరు కొంచెం అర్థం చేసుకోవాలి. విదేశీ షిప్పు కంపెనీలకు మన దేశంలో అధికారిక అమ్మకపు ప్రతినిధులు ఉంటారు. వాళ్ల కింద నగరాల్లో పెద్ద టోకు ఏజెన్సీలు, వాళ్ల ఆన్‌లైన్ పోర్టళ్లు. ఆ పోర్టల్‌లో లాగిన్ తీసుకుని అమ్మేవాళ్లే మన ఊరి సబ్ ఏజెంట్లు. అంటే మనం కడపలో ఇచ్చిన డబ్బు మూడు చేతులు మారి షిప్పు కంపెనీకి చేరొచ్చు. ఇందులో తప్పేమీ లేదు, వ్యాపారమే అలా నడుస్తుంది. కాకపోతే మధ్యలో ఒక్క చెయ్యి ఆగినా మన గది ఆగిపోతుంది. కింది ఏజెంటు నిజాయితీపరుడే అయినా, పైవాడికి కట్టాల్సిన గడువు దాటితే షిప్పు కంపెనీ సిస్టమ్ బుకింగును దానంతటదే రద్దు చేసేస్తుంది. ఎవరూ మోసం చేయకుండానే మనం నష్టపోతాం.

అందుకే మొదటి భేటీలోనే సూటిగా అడగండి: "అన్నా, ఈ బుకింగ్ మీరే నేరుగా చేస్తారా, ఇంకెవరి ద్వారానైనా చేయిస్తారా?"

"అంతా మేం చూసుకుంటాంలే సార్, మీకెందుకు టెన్షన్" అంటే అది జవాబు కాదు. "లేద్సార్, చెన్నైలో ఫలానా కంపెనీ పోర్టల్‌లో చేస్తాం. బిల్లు మాది వస్తుంది, బుకింగ్ నంబరు మాత్రం షిప్పు కంపెనీదే వస్తుంది, మీరే చూసుకోవచ్చు" అంటే అది జవాబు. రెండో రకం మనిషి దగ్గర వెయ్యో రెండు వేలో ఎక్కువైనా నేను అతని దగ్గరే చేయమంటాను. సబ్ ఏజెంటునని ఒప్పుకోవడం చిన్నతనం కాదు, ఆ మనిషి పని తెలిసినవాడనడానికి గుర్తు.

4. కాగితాలు చూడటం

దీనికి పది నిమిషాలు చాలు, ఫోన్లోనే అవుతుంది.

ఏజెన్సీ జీఎస్టీ నంబరు అడిగి, జీఎస్టీ పోర్టల్‌లో పన్ను చెల్లింపుదారుల వెతుకులాట పేజీలో కొట్టండి. లాగిన్ అక్కర్లేదు. చట్టబద్ధమైన పేరు, వ్యాపారం పేరు, ఎప్పటి నుంచి ఉంది, ఇప్పుడు చెల్లుబాటులో ఉందా లేక రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. ఆ 15 అక్షరాల నంబరే చాలా సంగతులు చెబుతుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మనకు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. ఆ పాన్‌లో నాలుగో అక్షరం 'పి' అయితే యజమాని ఒక వ్యక్తి, 'ఎఫ్' అయితే భాగస్వామ్య సంస్థ, 'సి' అయితే కంపెనీ. బోర్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని రాసి ఉండి పాన్‌లో 'పి' కనిపిస్తే, కారణమేంటో అడిగాకే ముందుకెళ్లండి.

జీఎస్టీ లేనంత మాత్రాన దొంగ అనుకోనక్కర్లేదు. సేవలు అందించేవాళ్లకు ఏడాదికి 20 లక్షల టర్నోవరు లోపు అయితే సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ నంబరు లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ అని వసూలు చేయకూడదు. ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి.

గోడ మీద ఐఏటీఏ (అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం) సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ అది ప్రధానంగా విమాన టికెట్ల అమ్మకానికి సంబంధించిన గుర్తింపు. క్రూయిజ్ అనుభవం ఉందని దాన్నిబట్టి చెప్పలేం. 1951లో మొదలైన ట్రావెల్ ఏజెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా లాంటి సంఘాల్లో సభ్యత్వం ఉందంటే ఆ సంఘం వెబ్‌సైట్‌లో పేరు సరిచూడండి. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు స్వచ్ఛందం, అది లేకపోయినా ఏజెన్సీ నడపొచ్చు. వీటన్నిటికంటే, "పోయినేడు మీ ద్వారా ఇదే షిప్పు ఎక్కినవాళ్లు కడపలో ఎవరున్నారు, వాళ్లతో ఒకసారి మాట్లాడించండి" అని అడగడం ఎక్కువ పనికొస్తుంది. ఊరు చిన్నది, నిజంగా పంపి ఉంటే ఒక్కరైనా మాట్లాడతారు.

5. వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి

మన ప్రశ్నలకు ఎవరైనా తీయగా జవాబు చెబుతారు. మంచి ఏజెంటును పట్టించేవి ఆయన అడిగే ప్రశ్నలు.

పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో ముందే అడగాలి. మన దగ్గర ఇది పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. బుకింగులో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకటి కాకపోతే రేవు దగ్గర ఆపేస్తారు. దుబాయ్ క్రూయిజ్ అయితే ఇంకా జాగ్రత్త. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులోనే ప్రకటించింది. ఇవేవీ అడగకుండా "ఆధార్ వాట్సాప్ చేయండి, బుక్ చేసేస్తా" అనేవాళ్లకు విదేశీ క్రూయిజ్ పని తెలియదనుకోవచ్చు.

ఇంట్లో గర్భిణులున్నారా అని అడగాలి. ప్రయాణం ముగిసేలోపు 24 వారాలు నిండేవాళ్లను చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. పసిపిల్లలకు చాలాచోట్ల కనీసం 6 నెలలు, కొన్ని దూరప్రయాణాలకు 12 నెలలు నిండాలి. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టుకు దగ్గర్లో గది చూడాలి. కుదుపు పడనివాళ్లకు కింది డెక్కుల్లో, షిప్పు నడిమి భాగంలో గది తీసుకుంటే ఊపు తక్కువగా తెలుస్తుంది. శాకాహారమా, ఉల్లి వెల్లుల్లి లేని భోజనమా అన్నది బుకింగు రోజే రాయించాలి. ఈ సంగతులు తనంతట తానే ఎత్తే ఏజెంటు ఎప్పుడో మనుషుల్ని పంపి ఉంటాడు, లేదా తానే ఎక్కి ఉంటాడు.

6. కొటేషన్‌ను గీత గీతగా చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మూడు ఏజెన్సీల నుంచీ కొటేషన్ రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో తెప్పించుకోండి. వాట్సాప్‌లో వచ్చే రంగుల పోస్టరు కొటేషన్ కాదు.

కొటేషన్‌లో ఉండాల్సినవి: షిప్పు పేరు, బయల్దేరే తేదీ, గది రకం, వీలైతే గది నంబరు, అసలు చార్జీ, రేవు రుసుములు, ప్రభుత్వ పన్నులు, సిబ్బందికి ఇచ్చే గ్రాట్యుటీ (టిప్పు), జీఎస్టీ, విదేశమైతే టీసీఎస్ (ఏజెన్సీ మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను), వీసా ఖర్చు, ఏజెన్సీ సర్వీసు చార్జీ. ఒక్కోటి ఒక్కో వరుసలో ఉండాలి. "అన్నీ కలిపి ఇంత" అన్న ఒకే అంకె ఒప్పుకోవద్దు. రద్దు చేసుకున్నప్పుడు ఒక్కో వరుసకు ఒక్కో నియమం ఉంటుంది, కలిపేస్తే ఏది తిరిగి రావాలో మనకు తెలియదు.

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ. ప్రకటనలో 'తలకు 32,000' అని ఉందనుకోండి. దానికి రేవు రుసుములు, పన్నులు 9,000, గ్రాట్యుటీ 5,000 కలిస్తే 46,000. టూర్ ప్యాకేజీ బిల్లుల మీద మామూలుగా వేసే 5 శాతం జీఎస్టీ మరో 2,300. మొత్తం 48,300. నలుగురికి 1,93,200. దీని పైన టీసీఎస్, వీసాలు, విమానం. పోస్టరు చూసి 1,28,000 అనుకుని వెళ్లినవాళ్లకు తేడా ఎక్కడ పుట్టిందో ఇప్పుడు కనిపిస్తుంది. ఈ అంకెలు నేను వేసుకున్నవే, కానీ వరుసలు మాత్రం ఏ కొటేషన్‌లోనైనా ఇవే.

గ్రాట్యుటీని కొన్ని కంపెనీలు ముందే తీసుకుంటాయి, కొన్ని షిప్పులో రోజుకు తలకు ఇంత అని మన ఖాతాలో వేస్తాయి. కొటేషన్‌లో లేకపోతే "షిప్పులో కట్టాలా?" అని అడిగి రాయించుకోండి.

'తలకు' అన్న మాట వెనకాల ఇంకో లెక్క ఉంది. క్రూయిజ్ చార్జీ ఒక గదిలో ఇద్దరుంటారని వేసింది. నానమ్మకు విడిగా ఒక గది ఇద్దామంటే ఆవిడ ఒక్కరికే రెండో మనిషి చార్జీ కూడా దాదాపుగా పడొచ్చు. అదే ఆవిడ మనవరాలితో కలిసి ఒక గదిలో ఉంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఒకే గదిలో మూడో, నాలుగో మనిషికి చార్జీ తక్కువగా ఉండటం మామూలు. కుటుంబాన్ని గదుల్లో ఎలా సర్దాలో రెండు మూడు రకాలుగా లెక్క వేసి చూపించమని అడగండి. ఓపిగ్గా వేసి చూపించే ఏజెంటు దొరికితే వదులుకోవద్దు.

గది రకం విషయంలో నోటిమాట నమ్మకూడదు. లోపలి గదికి కిటికీ ఉండదు. సముద్రం కనిపించే గదికి కిటికీ ఉంటుంది కానీ చాలావరకు తెరుచుకోదు, కొన్నిటికి ఎదురుగా లైఫ్‌బోటు అడ్డంగా ఉంటుంది. బాల్కనీ, సూట్ ఆపైవి. గది నంబరు లేకుండా 'జీటీవై' అని ఉంటే, ఆ రకంలో ఏదో ఒక గది కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు ఇస్తుందని అర్థం. మా చుట్టాల్లో ఒక కుటుంబానికి ఏజెంటు "సముద్రం కనిపిస్తుంది" అని చెప్పి పంపాడు. వాళ్ల వోచరులో మాత్రం ఇంటీరియర్ జీటీవై అని ఉంది. ఆ మూడక్షరాలు ఎవరూ పట్టించుకోలేదు. షిప్పులో అడిగితే కౌంటరులో ఆ కాగితమే తిప్పి చూపించారు. పాపం పెద్దాయన ప్రయాణమంతా సముద్రం చూడాలంటే పై డెక్కుకే ఎక్కాల్సి వచ్చింది.

టీసీఎస్ గురించి రెండు మాటలు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మే ఏజెన్సీ మన దగ్గర ఈ పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలని 2020 అక్టోబరు నుంచి నియమం. రేటు, పరిమితి బడ్జెట్లలో పలుమార్లు మారాయి కాబట్టి మీరు కట్టే రోజున ఎంతుందో ఆడిటరునో, ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌నో అడగండి. ఇది పోయే డబ్బు కాదు. మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు, వాపసు కూడా వస్తుంది. "పాన్ అక్కర్లేదు, టీసీఎస్ లేకుండా చేసిస్తా" అని ఎవరైనా అంటే మేలు చేస్తున్నాడని అనుకోకండి. మన బుకింగు ఏ లెక్కల్లోనూ లేకుండా పోతుందని దాని అర్థం.

7. రద్దు నియమాలు

చాలా విదేశీ కంపెనీలు షిప్పు బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందే మొత్తం డబ్బు అడుగుతాయి. ఆ తర్వాత రద్దు చేస్తే కోత మొదలై, రోజులు దగ్గరపడేకొద్దీ పెరుగుతూ, చివరి రోజుల్లో ఏమీ తిరిగి రాదు. ఇది షిప్పు కంపెనీ కోత. దీనిమీద ఏజెన్సీ కోత వేరే ఉంటుంది. రెండూ విడివిడిగా, తేదీలతో రాసిమ్మనండి. కంపెనీ కోత వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది కాబట్టి సరిపోల్చుకోవచ్చు.

షిప్పు కంపెనీయే ప్రయాణం రద్దు చేస్తే? మార్గం మారిస్తే? వాపసు ఎవరి ఖాతాకి వస్తుంది, ఎన్నాళ్లలో మనకు చేరుతుంది? డబ్బు కట్టేదాకా ఓడ మల్లయ్య, కట్టాక బోడి మల్లయ్య అన్నట్టు కాకూడదంటే ఈ మాటలు ముందే కాగితం మీదకు రావాలి. గడువు మరచిపోకుండా మిగతా డబ్బు కట్టాల్సిన తేదీని మీ ఫోన్లో కూడా పెట్టుకోండి, ఏజెంటు గుర్తుచేస్తాడని ఊరుకోవద్దు.

8. డబ్బు ఎలా కట్టాలి

ఏజెన్సీ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకే కట్టండి. ఖాతా జోడించేటప్పుడు అవతలి పేరు చూపించే సదుపాయం ఇప్పుడు బ్యాంకుల్లో ఉంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు 2025 ఏప్రిల్ 1 కల్లా ఆ ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. జీఎస్టీ పోర్టల్‌లో చూసిన పేరు, అక్కడ కనిపించిన పేరు ఒకటేనా చూడండి. ఏజెంటు బామ్మర్ది ఫోన్ నంబరుకు యూపీఐ చేయమంటే వద్దనండి. మొహమాటపడాల్సిన పని లేదు.

నగదు ఇవ్వకండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకోదు. వీలైతే క్రెడిట్ కార్డు మేలు. సేవ అందకపోతే బ్యాంకులో వివాదం లేవనెత్తి చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు కార్డుకు వాపసు, అడిగే దారి ఉంటుంది. కార్డుకు ఒకటి రెండు శాతం అదనంగా అడిగినా పెద్ద మొత్తాలకు అది దండగ కాదు. మొత్తం ఒకేసారి కట్టొద్దు. అడ్వాన్సు కట్టి, కింది పని అయ్యాక మిగతాది.

9. అదే రోజు, షిప్పు కంపెనీని మీరే అడగండి

అడ్వాన్సు కట్టిన రోజు, ఎక్కువలో ఎక్కువ మర్నాటికి, షిప్పు కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరు తీసుకోండి. ఏజెన్సీ వోచరు నంబరు కాదు, దాని ఇన్‌వాయిసు నంబరు కాదు. ఆ నంబరు, ఇంటిపేరు, ప్రయాణ తేదీ పెట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో బుకింగు తెరవండి. తెరుచుకోకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. ఫోన్ నంబరును కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి, గూగుల్‌లో వెతికితే మొదట వచ్చే నంబర్లలో దొంగవి కలిసి ఉంటాయి.

ఏజెంటు ద్వారా చేసిన బుకింగులో మార్పులు చేయమంటే "మీ ఏజెంటును అడగండి" అని కంపెనీవాళ్లు చెప్పడం మామూలే. కానీ ఈ నాలుగూ అడిగి చూడండి: ఈ పేర్ల మీద బుకింగు ఉందా, గది రకం ఏది, ఎంత డబ్బు చేరింది, మిగతాది ఏ తేదీకి కట్టాలి. ఎంత డబ్బు చేరిందన్నది ఫోన్లో చెప్పకపోతే, కంపెనీ నుంచి వచ్చిన కన్ఫర్మేషన్‌ను ఏజెంటు నుంచి తెప్పించుకోండి. దాని మీద చేరిన మొత్తం, బాకీ రెండూ ఉంటాయి. చివరి డబ్బు కట్టిన తర్వాత ఇదే పని మళ్లీ చేయాలి. చాలామంది మొదటిసారి చూసి ఊరుకుంటారు, చిక్కు వచ్చేది ఎక్కువగా రెండోసారే.

"నంబరు రావడానికి నెల పడుతుంది" అంటే ఆ ఏజెన్సీని అక్కడితో వదిలేయండి. గది ఖాయమైతే నంబరు వెంటనే పుడుతుంది. గ్రూపు బుకింగుల్లో పేర్లు తర్వాత ఎక్కించే పద్ధతి ఉన్నా, గ్రూపుకు ఒక నంబరు మాత్రం మొదటే ఉంటుంది.

10. 'ఫ్రీ క్రూయిజ్' ఫోన్లు

షాపింగ్ మాల్‌లోనో, పెట్రోలు బంకులోనో కూపన్ నింపిన పది రోజులకు ఫోన్ వస్తుంది. "సార్, లక్కీ డ్రాలో మీకు క్రూయిజ్ వచ్చింది, భార్యాభర్తలిద్దరూ ఫలానా హోటల్‌కి రండి." వెళ్తే గంటల కొద్దీ హాలిడే మెంబర్‌షిప్ అమ్ముతారు. చేతికిచ్చే వోచరులో రేవు రుసుములు, పన్నులు మనవే, తేదీలు వాళ్లిష్టం. అక్కడికక్కడే సంతకం పెట్టమనే ఏ కాగితం మీదా పెట్టకండి.

11. బయల్దేరే ముందు

విదేశానికైతే పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత కనీసం 6 నెలలు ఉండాలి. సింగపూర్ నుంచి ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగితే ఆ దేశంలోకి రెండుసార్లు వచ్చినట్టు, కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా చూసుకోండి. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనకు వీసా మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి మినహాయింపులకు గడువు ఉంటుంది కాబట్టి మీ తేదీకి వర్తిస్తుందో లేదో ఏజెంటు ఈమెయిల్‌లో చెప్పాలి. వీసా రాకపోతే షిప్పు డబ్బు ఏమవుతుందన్నది కూడా అందులోనే ఉండాలి.

షిప్పు సాయంత్రం అని ఆ రోజు పొద్దున్నే కడపలో రైలెక్కించే ఏజెంటు మాట వినకండి. బయల్దేరే గంట కంటే ముందే గేట్లు మూసేస్తారు, రైలు ఆలస్యమైతే షిప్పు ఆగదు. ఒక రాత్రి ముందే చెన్నైలోనో ముంబయిలోనో ఉండేలా చూసుకోండి. షిప్పులో డాక్టరు ఫీజు చాలా ఎక్కువ, మన ఆరోగ్య కార్డులు అక్కడ చెల్లవు. క్రూయిజ్‌ను స్పష్టంగా కవర్ చేసే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుని, పెద్దవాళ్లకున్న బీపీ, షుగర్ ముందే రాయించండి.

12. తేడా వస్తే

ముందు ఏజెన్సీకి ఈమెయిల్‌లో రాయండి, ఫోన్ మాటలకు సాక్ష్యం ఉండదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అసలు ఏజెన్సీయే బోగస్ అని, ఆన్‌లైన్‌లో డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఉంటుంది.

ఏజెన్సీ ముంబయిదో బెంగళూరుదో అయినా, కాగితం కింద 'ముంబయి కోర్టుల పరిధి' అని అచ్చయి ఉన్నా భయపడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, వినియోగదారుడు తాను నివసించే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. అంటే కడపవాళ్లు కడపలోనే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. కొటేషన్, రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఈమెయిళ్లు, షిప్పు కంపెనీ బుకింగు కాపీ, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు జత చేయాలి. అందుకే మొదటి రోజు నుంచీ ఇవన్నీ ఒకే ఫోల్డరులో వేస్తూ రండి.

అంతా బాగా జరిగి తిరిగొచ్చినా ఏజెన్సీతో ఒక పని మిగులుతుంది. విదేశీ ప్రయాణమైతే టీసీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. కొన్ని నెలల తర్వాత ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద ఆ మొత్తం కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే రిటర్ను వేసేలోపే ఏజెన్సీతో సరిచేయించాలి.